సున్నం కింద యానాం రాణి

మా మనవరాలు రూత్ ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టినప్పుడు నేను వంటింట్లో బీరకాయల చెక్కు తీస్తున్నాను. శనివారం పొద్దున. మా అమ్మాయి సునీత హాస్పిటల్ డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. రూత్‌కు పదహారేళ్ళు, అమెరికాలో ఈ మోరిస్‌విల్‌లోనే పుట్టింది. తెలుగు అర్థం చేసుకుంటుంది, మాట్లాడేటప్పుడు మాటల చివర్లు మింగేస్తుంది.

"అమ్మమ్మా, చూడు. మీ ఊరి చర్చ్ గోడలో ఒక లేడీ ఉంది."

"గోడలో ఏంటే?"

"గోడ లోపల. పెయింటింగ్. నోస్ రింగ్ కూడా ఉంది, సీ?"

చేతులు తుడుచుకుని కళ్ళద్దాలు సరిచేసుకున్నాను. పెచ్చులూడిన గోడ, కింద కుప్పగా రాలిపడిన గచ్చు, ఆ మధ్యలో సగం ముఖం. ఒక కన్ను, చెంప, ముక్కుకు ఎడమవైపు ముక్కుపుడక, తల మీద నుంచి జారుతున్న నీలం ముసుగు. రూత్ రెండు వేళ్ళతో ఆ ముఖాన్ని పెద్దది చేసింది. పెదవి పక్కన నల్లగా పొగచూరిన మచ్చ కనబడింది. పీట మీద కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. చిన్నప్పుడు ఆవిడ ముందు కూర్చునే అలవాటు లేదు, అందుకేనేమో.

"యూ ఓకే?" అంది రూత్.

"ఆవిడ నాకు తెలుసు" అన్నాను.

మా ఊరు మేడవరం గోదావరి పాయ పక్కన ఉంటుంది. ఆ ఊరి నుంచి అమెరికా వచ్చిన మా సంఘస్థులందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. అక్కడ మా దేవాలయానికి మరమ్మతులు చేస్తున్నారనీ, ఆరాధన బల్ల వెనక గోడకు కొత్తగా పలకలు వేయడానికి పాత గచ్చు చెక్కుతుంటే బొమ్మ బయటపడిందనీ ఆ గ్రూపులో రాశారు. దాని కిందే హెర్న్‌డన్‌లో ఉండే డాక్టర్ సుధాకర్ గారు ఇంకో సంగతి పెట్టారు. దేవాలయ చరిత్ర మీద ఆయన రాస్తున్న చిన్న పుస్తకం పూర్తయిందట, అచ్చుకు వెళ్ళేముందు పెద్దవాళ్ళు ఒకసారి చూడాలట. ఆ ఊరి పెద్దవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనూ, ఆయనా. ఆయన మా పాత అయ్యగారి, అంటే పాస్టరు గారి కొడుకు. నేను ఆ గుడి ఊడ్చి గంట కొట్టిన ఏసోబు కూతుర్ని.

పుస్తకం చూడమని నన్ను అడగడం నేను గర్వపడాల్సిన సంగతే. అరవై దగ్గర పడేవరకు నాకు అక్షరం రాదు. పాటల పుస్తకం చేతిలో పట్టుకుని, పాట మాత్రం నోటికొచ్చింది పాడేదాన్ని. పేజీ తిప్పాల్సిన చోట పక్కవాళ్ళను చూసి తిప్పేదాన్ని. అమెరికా వచ్చిన మొదటి ఏడాది, ఆదివారం మధ్యాహ్నం మా ఆరాధనకు ముందు పిల్లలకు తెలుగు నేర్పే క్లాసులో రూత్‌ను కూర్చోబెట్టి వెనక కాపలా కాసేదాన్ని. వాళ్ళు 'అ' దిద్దుతుంటే నా వేలు కూడా మోకాలి మీద తిరిగేది. అది చూసి పాఠం చెప్పే అమ్మాయి ఒక పలక నా చేతికిచ్చింది. ఆరేళ్ళ పిల్లల మధ్య చిన్న ప్లాస్టిక్ కుర్చీలో మూడేళ్ళు కూర్చున్నాను. రూత్ మానేసింది, నేను మానలేదు. ఇప్పటికీ ఒక పేజీ చదవడానికి టీ చల్లారేంత సేపు పడుతుంది, రాయడానికైతే ఇంకా ఎక్కువ.

మా దేవాలయం మొదట మాది కాదు. అది రాజావారి కోటలో, రాణిగారి కోసం కట్టిన సొంత గుడి. రాజావారు యానాం నుంచి ఒకావిడను పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నారట. ఆవిడ ఆర్సీయం, అంటే రోమన్ కాథలిక్కు, మరియమ్మను కొలిచేది. కోట నుంచి బయటికి వెళ్ళి ప్రార్థన చేసుకునే వీలు రాణికి ఉండదు కాబట్టి, లోపలే ఈశాన్యపు మూల చిన్న గుడి కట్టించారు. యాభై మంది కూర్చుంటే నిండిపోతుంది. బల్ల వెనక గోడ మీద మరియమ్మ బొమ్మ వేయించారు. వేసినవాడు రాణిగారి ముఖం చూసి వేశాడనీ, ఆ ముక్కుపుడక ఆవిడదేననీ మా చిన్నప్పుడు అందరూ చెప్పుకునేవారు. రాణిగారు పోయారు. తరువాతి రాజులకు ఆ గుడితో పని లేకపోయింది, గబ్బిలాలు చేరాయి. ఆఖరి రాజావారు కోట అమ్ముకుంటూ ఆ మూల ముక్కను మాత్రం మిషన్ వాళ్ళకు రాసిచ్చారు. మిషన్ తెల్లదొరగారు వచ్చి గబ్బిలాలను తోలించి, గుడిలో బొమ్మలు కూడదని మరియమ్మ మీద సున్నం కొట్టించి, ప్రొటెస్టెంటు గుడి చేశారు.

అంతవరకు మా వాళ్ళు కోట గుమ్మం దాటి ఎరగరు. మా నాయనమ్మ చెప్పేది. కోట పక్కగా పోయే బాటలో కూడా మా పేట వాళ్ళు చెప్పులు చేతిలో పట్టుకుని నడవాలట. అలాంటిది ఒక ఆదివారం దొరగారు కోట తలుపులు తీయించి, మా పేటంతటినీ రాణిగారు మోకరించిన చోట కూర్చోబెట్టారు. నాయనమ్మ ఆ రోజు పాటేమీ పాడలేదట, కింద పరిచిన రాతిపలకలను అరచేత్తో నిమురుతూనే ఉందట. ఇది చెప్పడం ఎందుకంటే, ఆ గుడి అంటే మా వాళ్ళకు ఎంత ప్రాణమో, అది మళ్ళీ చేజారిపోతుందన్న భయం కూడా అంతే ఉండేది. ఆర్సీయం వాళ్ళు ఎప్పటికైనా వచ్చి "ఇది మా మరియమ్మ గుడి, ఇచ్చెయ్యండి" అంటారని పెద్దవాళ్ళు అనుకునేవారు. అయ్యగారు కఠినంగా ఉండేవారంటే ఆ కఠినం వెనక ఈ భయం ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మేము కోట గుమ్మానికి ఆనుకుని ఉన్న పాత కావలి గదిలో ఉండేవాళ్ళం. నాన్న పొద్దున్నే లేచి మొదట గంట తాడు తడిమి చూసేవాడు, ఎలుకలు కొరికాయేమోనని. తరువాత గుడి ఊడ్చేవాడు. కొవ్వొత్తుల ముక్కలు ఒక డబ్బాలో దాచేవాడు. డబ్బా నిండాక మైనం కరిగించి, బొప్పాయి ఆకు కాడలు బారుగా కోసి, ఒక చివర మట్టితో మూసి, మధ్యలో నూలు వత్తి నిలబెట్టి పోసేవాడు. ఆరాక కాడ చీలిస్తే సన్నని, కాస్త వంకర తిరిగిన కొవ్వొత్తి వచ్చేది. పండగలకు కొన్న కొవ్వొత్తులు, మామూలు ఆదివారాలకు నాన్న చేసినవి. ఇల్లంతా కాలిన మైనం, పచ్చి బొప్పాయి పాలు కలిసిన వాసన. ఇప్పుడు ఇక్కడ సునీత స్నానాల గదిలో పూల వాసన కొవ్వొత్తి వెలిగిస్తే, నాకు ముక్కులో బొప్పాయి పాల వాసనే తగులుతుంది.

క్రిస్మస్‌కు నెల ముందు సున్నాల పని. గుల్లసున్నం గోతిలో పోసి నీళ్ళు చల్లితే అది బుసబుస పొంగేది. నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. చల్లారాక అమ్మ పాత చీరలో వడకట్టి, తుమ్మబంక, చిటికెడు నీలిమందు కలిపేవాడు. తాటిమట్ట చివర నలగ్గొట్టి కుంచె చేసేవాడు. మిగిలిన గోడలకు రెండు పూతలు వేస్తే చాలు. బల్ల వెనక గోడకు మాత్రం నాలుగు. నూనె రంగుల మీద సున్నం పట్టదు కదా. వానాకాలం వచ్చిందంటే గోడ చెమ్మగిల్లి, ముందు ఆ నీలం ముసుగు, తరువాత కన్ను, శ్రావణమాసం వెళ్ళేసరికి ముఖమంతా మసగ్గా పైకి తేలేది. ఏటా అదే వరస. అయ్యగారు చూసి "ఏసోబూ, మళ్ళీ వచ్చిందయ్యా" అనేవారు. "వేసేస్తానండయ్యా" అనేవాడు నాన్న. వేసేవాడు కూడా. కానీ వానలు వెళ్ళాకే వేసేవాడు, ముందు ఎప్పుడూ వేయలేదు.

ముందు వేయకపోవడానికి కారణం ఆగ్నేసమ్మ. ఆవిడ రాణిగారి దగ్గర చిన్నప్పుడు పనిలో చేరిన మనిషి. నా కళ్ళకు నడుం వంగిన ముసల్ది. కోటలో కూలిపోగా మిగిలిన ఒక కొట్లో ఉండేది, ఎవరూ లేరు. రోజూ మధ్యాహ్నం, ఊరంతా అన్నాలు తిని నడుం వాల్చే వేళ, గుడి పక్క తలుపు లోంచి వచ్చేది. నాన్న ఆ తలుపు గడియ పెట్టేవాడు కాదు. ఆవిడ జపమాల పట్టుకుని బల్ల ముందు నిలబడి, తెల్ల గోడను చూస్తూ పెదవులు కదిపేది. ఎండాకాలంలో ఆ గోడ మీద ఏమీ ఉండేది కాదు. అయినా ముఖం ఎక్కడుండాలో ఆవిడకు తెలుసు, అక్కడే చూసేది.

"ఏం కనబడుతుందే ముసలమ్మా నీకు?" అని అడిగాను ఒకసారి.

"మీ అమ్మ కొంగు చాటున ఉంటే నీకు అమ్మ ముఖం కనబడకపోయినా, ఉన్నట్టు తెలీదూ?" అంది. తరువాత గొంతు తగ్గించి, "కాన్పుల్లో ఆడాళ్ళు ఈవిడకే చెప్పుకునేవారు. రాణిగారు పురుడోసుకున్నప్పుడు నేనే ఇక్కడ దీపం పెట్టాను" అంది.

ఈ మాట నా చెవిన పడకుండా ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ నిండు నెలలతో ఉంది. వానలు ఇంకా పూర్తిగా వెళ్ళలేదు, గోడ మీద ఆవిడ ముఖం స్పష్టంగా ఉంది. ముందురోజు నుంచి అమ్మకు నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. నాన్న మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ కోసం పడవ మీద వెళ్ళాడు. నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. అమ్మ అరుపులు కోట గోడలకు తగిలి నాకు రెండుసార్లు వినబడుతున్నాయి. కాసేపటికి అరుపులు ఆగిపోయాయి. దానికి ఇంకా భయం వేసింది. నాన్న డబ్బాలోంచి ఒక బొప్పాయి కాడ కొవ్వొత్తి తీసుకుని, పొయ్యిలోని కొరకంచుతో వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టుకుని గుడిలోకి వెళ్ళాను. బల్ల మీద అమెరికా నుంచి వచ్చిన లేసు గుడ్డ ఉండేది. ఎక్కడో ఆడవాళ్ళు అల్లి పంపారట. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, దాన్ని తన చేత్తోనే ఉతికేది, మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. నేను మైనం రెండు చుక్కలు ఆ గుడ్డ మీదే కార్చి, కొవ్వొత్తి నిలబెట్టాను. ముఖానికి దగ్గరగా పెట్టాలని గోడకు ఆనించాను. ప్రొటెస్టెంటు పిల్లను, మరియమ్మకు ఎలా చెప్పుకోవాలో రాదు. "మా అమ్మ చావకూడదు" అన్నాను. అంతే. పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేశాను.

వంకర కొవ్వొత్తి. గాలికి ఒరిగి ఉంటుంది.

అమ్మ ఉన్న గది గడప దగ్గర కూర్చున్న నాకు ముందు కాలిన వాసన వచ్చింది, తరువాత కేకలు. వెళ్ళేసరికి గుడిలో నలుగురైదుగురు మగవాళ్ళు, అయ్యగారు ఉన్నారు. లేసు గుడ్డ సగం బూడిద. బల్ల అంచు నల్లగా కాలి ఉంది. ఆగ్నేసమ్మ నేల మీద కూర్చుని ఉంది, పైట కాలింది, రెండు చేతులూ బొబ్బలు. మధ్యాహ్నం ప్రార్థనకు వచ్చి, మంట చూసి, పైటతోను చేతులతోను ఆర్పేసింది. కానీ వచ్చినవాళ్ళకు కనబడింది ఏమిటి? తగలబడిన బల్ల, పక్కన ఆర్సీయం ముసల్ది.

అయ్యగారు నన్ను చూశారు. "దీనమ్మా, ఇలా రా. నువ్వు ఇక్కడే తిరుగుతుంటావు. ఎవరు వెలిగించారే?"

ఆగ్నేసమ్మ నా వంక చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు, బతిమాలడం లేదు. ఏం చెబుతానో విందామని చూసింది, అంతే. ఆ కావలి గది మాది కాదు, గుడిది. నాన్న పని పోతే అమ్మను ఆ మంచం మీద నుంచి ఎక్కడికి మోసుకెళ్తాం? తొమ్మిదేళ్ళ పిల్ల ఇదంతా ఆలోచించిందని చెప్పుకుంటే నాకు కాస్త సుఖంగా ఉంటుంది. నిజానికి నేను ఆలోచించలేదు. దెబ్బలకు భయపడ్డాను.

"ఆగ్నేసమ్మ" అన్నాను.

ఆవిడ అవునన్లేదు, కాదన్లేదు. కాలిన చేతులు కొంగులో పెట్టుకుని లేచి, పక్క తలుపు లోంచి వెళ్ళిపోయింది. ఎవరో వెనక నుంచి "దొంగ ముండ, గుడి లాక్కోలేక కాలుస్తోంది" అన్నారు.

సాయంత్రానికి నాన్న డాక్టరమ్మతో వచ్చాడు. అమ్మ బతికింది, చెల్లెలు పుట్టింది. మర్నాడు నాన్న గుడి కడుగుతూ బల్ల కింద నుంచి మైనపు ముక్క ఒకటి తీశాడు. వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. బొప్పాయి కాడలో పోసిన కొవ్వొత్తులు ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లోనే ఉంటాయి. నా వైపు చూడకుండానే దాన్ని రొండిన దోపుకున్నాడు. నాన్న నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం బతికిపోయాననుకున్నాను.

ఆ బొమ్మను ఉలితో చెక్కి పారేయమన్నారు అయ్యగారు. ఇకపై సున్నాలతో ఆటలొద్దన్నారు. నాన్న "సరేనండయ్యా" అన్నాడు. తలుపులు వేసుకుని మూడు రోజులు పనిచేశాడు. నేను సామాను అందించాను. నాన్న ఉలి ముట్టలేదు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి సున్నం, ఇసుక రోట్లో వేసి మెత్తగా నూరి, ఆ ముఖం మీద ముందు తడిపిన పల్చటి గుడ్డ పరిచి, దాని మీద రెండు వేళ్ళ మందాన గచ్చు చేశాడు. పడుకున్న మనిషికి దుప్పటి కప్పినట్టు కప్పాడు. తరువాత పక్క తలుపుకు తాళం వేసి, తాళంచెవి అయ్యగారికి ఇచ్చేశాడు.

ఆ తరువాత వానాకాలాల్లో ముఖం రాలేదు.

చెల్లెల్ని చంకనేసుకు తిరగడం నా పని అయింది. అమ్మ చాలాకాలం కోలుకోలేదు. నన్ను బోర్డింగు బడికి పంపుదామని అంతకుముందు అమ్మగారు అంటుండేది, ఆ మాట మళ్ళీ రాలేదు. అది నాకు శిక్ష అని చాలా ఏళ్ళు అనుకున్నాను. శిక్షేమీ కాదు, ఇంట్లో పసిపిల్ల ఉంటే ఆడపిల్లకు బడి ఉండదు, అంతే.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఏడుస్తుంటే గుడి వెనక నీడలోకి తీసుకెళ్ళాను. ఆగ్నేసమ్మ అక్కడ ఉంది. గుడి బయట, బల్ల ఉన్న గోడకు అవతలి వైపు, సరిగ్గా ముఖం ఉన్న చోటికి వెనక, గోడ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది. చేతికి పసుపు పూసిన గుడ్డ పీలిక కట్టుకుంది. చుట్టూ పల్లేరు ముళ్ళు. అక్కడ మాత్రం రెండు పాదాల మేర నేల నున్నగా అరిగి ఉంది. నేను పారిపోబోయాను.

"ఇలా తే" అంది. చెల్లెలి ముఖం మీద నుంచి గుడ్డ తొలగించి చూసింది. "ఈ పిల్లేనా? అమ్మ బాగుందా?"

"బాగుంది."

"అయితే సరే" అంది. మళ్ళీ గోడ వైపు తిరిగింది.

ఆవిడ పోయేవరకు రోజూ అలాగే నిలబడింది. నేను మళ్ళీ అటు వెళ్ళలేదు.

డాక్టరు గారు పంపిన పుస్తకాన్ని సునీత కాగితాల మీద ప్రింట్ తీసిచ్చింది. చదవడానికి నాలుగు రోజులు పట్టింది. రాజావారు, రాణిగారు, దొరగారు అందరూ ఉన్నారు. మా నాయనమ్మ లేదు. నాలుగో రోజు ఈ మాటలు వచ్చాయి: "రోమను మతస్థురాలగు ఆగ్నేసమ్మ అను స్త్రీ ద్వేషముతో పవిత్ర బల్లకు నిప్పు పెట్టగా, కావలి ఏసోబు ప్రాణములకు తెగించి ఆర్పెను." కూడబలుక్కుంటూ చదివాను కాబట్టి ఒక్కసారిగా తగల్లేదు, ఒక్కో మాటా విడిగా తగిలింది. అయ్యగారి డైరీలోంచి తీసుకున్నట్టు కింద రాసి ఉంది. నాన్న ఆ వేళ పడవలో ఉన్నాడు. బహుశా అయ్యగారు, కావలివాడు ఆ వేళ గుడిలో లేడన్న మాట రాకుండా, మా నాన్నను కాపాడదామనే అలా రాసి ఉంటారు. నేను జీవితంలో మొదటిసారి కూర్చుని చదివిన చరిత్రలో నా అబద్ధం ఉంది. నాది అని ఎక్కడా లేదు.

డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద. గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు బాబుగారూ అని పిలిచేదాన్ని. ఇప్పటికీ ఆయనతో ఫోన్లో మాట్లాడేటప్పుడు నిలబడే మాట్లాడతాను. జరిగింది చెప్పాను. 

"దీనమ్మ గారూ, మీకప్పుడు తొమ్మిదేళ్ళు. మెమరీ మనల్ని మోసం చేస్తుందండీ. నేను డాక్టర్ని, చెబుతున్నాను."

"మైనం చుక్కలు కార్చింది నాకు గుర్తుందండి."

"అయ్యుండొచ్చు. కానీ ఇప్పుడు దానివల్ల ఎవరికి లాభం? ఆవిడకు వెనకా ముందూ ఎవరూ లేరు. నాన్నగారి డైరీ అబద్ధమని నేను రాయాలా? మీ నాన్నగారి పేరు కూడా పోతుంది కదా."

"నిప్పు పెట్టిన సంగతిలో డైరీ అబద్ధం కాదండి. ఆయనకు నేను అబద్ధం చెప్పాను."

"ఫైల్ ప్రింటర్‌కి వెళ్ళిపోయిందండీ" అన్నారు. ఆ వెంటనే మెత్తగా, "దీనా, వదిలెయ్" అన్నారు. అరవై ఏళ్ళ తరువాత ఆ పిలుపు విన్నాను. కోపం రాలేదు. ఆయన కూడా వాళ్ళ నాన్న మీద గచ్చు కప్పుతున్నారు అనిపించింది.

సునీతకు చెబితే తల పట్టుకుంది. తాతయ్య మంట ఆర్పాడన్న కథ దానికి నేనే చెప్పి పెంచాను. కథలోంచి నన్ను తీసేసి చెప్పాను.

"అమ్మా, సంఘంలో అందరికీ తెలియాలా ఇది? మన ఇంట్లో మనం అనుకుంటే చాలదా?"

"ఆవిడ మీద నింద ఇంట్లో వేశానా?"

"అబ్బా, నీకు ఈ వయసులో ఇదేంటమ్మా" అని లేచి వెళ్ళి గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అప్పటికే సర్దేసినవే మళ్ళీ సర్దింది.

మా ఆరాధన ఇక్కడి తెల్లవాళ్ళ చర్చి హాలులో జరుగుతుంది. వాళ్ళ ఆరాధన పొద్దున, మాది మధ్యాహ్నం. మేము పక్క తలుపు లోంచి వస్తాం. కుర్చీలు ఎలా ఉన్నవి అలాగే పెట్టి వెళ్ళాలి. కూరల వాసన వస్తుంది కాబట్టి కిటికీలు తీయమని వంటగది తలుపు మీద కాగితం అంటించారు, మర్యాదగానే. బీరువాలో వాళ్ళ బల్లగుడ్డలు ఉంటాయి. మడతలు పడితే నేనే ఇస్త్రీ చేసి పెడతాను, క్యారల్ అనే ముసలావిడ థాంక్యూ హనీ అంటుంది. మా ఊళ్ళో ముట్టనివ్వని గుడ్డ ఇలాంటిదేనన్నమాట. చేత్తో అల్లింది కూడా కాదు, కొట్లో కొన్నది. ఇస్త్రీ పెట్టె ఆవిరిలో నిలబడి, మరొకరి గుడిలో పక్క తలుపున వచ్చి మధ్యాహ్నం వేళ ప్రార్థన చేసుకునేవాళ్ళం ఇప్పుడు మేమే కదా అని చాలాసార్లు అనుకున్నాను. మాకు ఎవరూ తాళం వేయలేదు.

పుస్తకాల పెట్టె వచ్చిన ఆదివారం సునీతతో ముందే హాలుకు వెళ్ళాను. డాక్టరు గారు హెర్న్‌డన్ నుంచి కారులో వస్తున్నారు, ఆయన చేతుల మీదుగా పంచాలి. సునీత కుర్చీలు వేస్తుంటే నేను పెట్టెను వంటగదిలోకి లాక్కుని, పెన్ను తీశాను. ఆ పేజీ వెతికి, ఆ వాక్యం మీద గీత కొట్టి, పక్క ఖాళీలో రాశాను: దీపం పెట్టింది నేను. ఆర్పింది ఆగ్నేసమ్మ. ఏసోబు కూతురు దీనమ్మ.

రెండో పుస్తకంలో ఉండగా రూత్ వచ్చింది.

"అమ్మమ్మా! కొత్త బుక్స్ మీద రాస్తున్నావేంటి? యూ కాంట్ డూ దట్."

"నా పేరు రాస్తున్నాను."

"ఏముంది అందులో? చదువు."

చదివి వినిపించాను. దానికి తెలియనిచోట మాటల్లో చెప్పాను. అది నా పక్కన కౌంటర్ మీద ఎక్కి కూర్చుంది.

"నైన్ ఇయర్స్ ఓల్డా? దట్స్ ఓకే అమ్మమ్మా. నువ్వు కిడ్‌వి."

"తొమ్మిదేళ్ళప్పుడు చెప్పింది ఒక్క అబద్ధం. పదేళ్ళప్పుడు కూడా నిజం చెప్పలేదు, ఇరవై అప్పుడు చెప్పలేదు, మీ అమ్మ పుట్టాక చెప్పలేదు. అప్పుడు కిడ్‌ని కాదు కదా."

 రూత్ తరువాతి పుస్తకం తీసి, ఆ పేజీ దగ్గర తెరిచి నా ముందు పెట్టింది. అలా ఒక్కొక్కటీ తెరిచి ఇస్తూ పోయింది. అది రాసి పెడతానంది కానీ దానికి తెలుగు రాయడం రాదు. నేను త్వరగా రాయలేను. పదకొండు పుస్తకాలు అయ్యేసరికి బయట కార్ల చప్పుడు, పిల్లల గోల. సునీత తలుపు దగ్గరికి వచ్చింది, నా చేతిలో పెన్ను చూసింది. అరుస్తుందనుకున్నాను. పెట్టె ఎత్తుకుని హాలులోకి వెళ్ళిపోయింది. రాసినవీ రాయనివీ కలిసిపోయాయి.

డాక్టరు గారు ప్రసంగం చేశారు. మేడవరం సంఘ పెద్దలు బల్ల వెనక గోడకు మెరిసే తెల్ల పలకలు వేయించేశారని చెప్పి, ఫొటో తెర మీద చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న సున్నం వేసిన రోజుల్లో ప్రతి వానకూ ఆవిడ బయటికి వచ్చేది. గచ్చు వేశాక కూడా ఎన్నాళ్ళకో పెచ్చు రాలి బయటపడింది. పలకల లోంచి చెమ్మ కూడా రాదు.

ఆ రోజు ఏ పదకొండు ఇళ్ళకు ఆ పుస్తకాలు వెళ్ళాయో తెలియదు. వారం లోపల ఇద్దరు ఫోన్ చేశారు. ఒకావిడ ఏడ్చింది, ఒకాయన మీ ఆరోగ్యం బాగుందా అని అడిగాడు. అప్పటి నుంచి నా సంచిలో పెన్ను ఉంటుంది. ఎవరింటికి భోజనానికి పిలిచినా, చేతులు కడుక్కోకముందే ఆ పుస్తకం ఎక్కడుందమ్మా అని అడుగుతాను. కొందరు వెతికి తెస్తారు. కొందరికి ఎక్కడ పెట్టారో గుర్తుండదు. నేను వచ్చేవరకు సునీత కారులోనే కూర్చుంటుంది, కానీ తీసుకువెళ్ళడం మానలేదు. ఇక్కడి నుంచి చాండ్లర్ వెళ్ళిపోయిన వాళ్ళు కవరులో పెట్టి పంపారు. రాసి తిరిగి పంపాను.

డాక్టరు గారి సొంత పుస్తకం మాత్రం, రాయడానికి, ఇంకా నా చేతికి రాలేదు. అడిగాను. చూద్దాంలెండి అన్నారు.